చంద్రుడి కొండల ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?

అందరికీ నమస్కారం. మన సిక్కోలు జిల్లా అంచున ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఎక్కడి నుంచి? సముద్రమట్టం నుంచి. బారువ తీరానికి వెళ్తే ఆ సముద్రం కళ్లెదురుగానే ఉంటుంది. మరి చంద్రుడి మీద చుక్క నీళ్ల సముద్రం లేదే! అక్కడి కొండలకు ఎత్తు ఎలా కట్టారు?

మొదట కట్టింది గెలీలియో. 1609 చివర్లో టెలిస్కోపు పెట్టి చూస్తే, వెలుగు అంచు దాటి చీకటి వైపున తెల్లటి చుక్కలు కనిపించాయి. మందస వైపు తెల్లవారుజామున చూడండి, ఊరంతా మసక చీకటిగా ఉన్నప్పుడే మహేంద్రగిరి నెత్తిన ఎండ పడుతుంది. ఆ చుక్కలూ అంతే, ముందుగా ఎండ తగిలిన శిఖరాలు. ఒక చుక్క వెలుగు అంచుకు ఎంత దూరమో చూశాడు. చంద్రుడి వ్యాసంలో ఇరవయ్యో వంతు. వెలుగు అంచును తాకుతూ శిఖరానికి వెళ్లే ఎండ కిరణం, ఆ అంచు దగ్గర చంద్రుడి వ్యాసార్థానికి లంబంగా ఉంటుంది. కాబట్టి ఇక కావలసింది పైథాగరస్ సిద్ధాంతమే. చంద్రుడి వ్యాసార్థం వెయ్యి ఇటలీ మైళ్లు అనుకున్నాడు, అంటే చుక్క వంద మైళ్ల దూరంలో ఉన్నట్టు. వెయ్యి వర్గానికి వంద వర్గం కలిపి వర్గమూలం తీయండి, 1,004 దాటుతుంది. వెయ్యి పోగా మిగిలిన నాలుగు మైళ్ల పైచిలుకే కొండ ఎత్తు. మన హైస్కూల్ పిల్లలు చేసే లెక్క ఇది! నాకైతే ఎన్నిసార్లు చేసినా తనివి తీరదు.

తర్వాతి వాళ్లు నీడలు కొలిచారు. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ పొడవు కొండ ఎత్తుకు 11 రెట్లు దాటుతుంది. 1830ల్లో జర్మనీలో బేర్, మాడ్లర్ అనే ఖగోళ పరిశీలకులు ఇలాగే 800కు పైగా కొండలు కొలిచారు. కానీ నీడ కొస ఏ నేల మీద పడిందో, ఆ నేల నుంచి ఎత్తు మాత్రమే తెలుస్తుంది. చంద్రుడి మీది అపెనైన్ పర్వతాల్లో హైగెన్స్ శిఖరం దాదాపు 5.5 కిలోమీటర్లు అంటే, పక్క మైదానం నుంచి అన్నమాట.

2008లో మన చంద్రయాన్-1, 2009లో నాసా వాళ్ల ఎల్ఆర్ఓ అనే వ్యోమనౌక చంద్రుడి చుట్టూ తిరగడానికి వెళ్తూ లేజర్లు పట్టుకెళ్లాయి. 50 కిలోమీటర్ల పైనుంచి వేసిన కాంతి నేలను తాకి తిరిగి రావడానికి సెకనులో మూడువేలో వంతు చాలు. ఆ సమయాన్ని బట్టి నేల ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఇప్పుడు ఎత్తులన్నీ 1,737.4 కిలోమీటర్ల సగటు వ్యాసార్థం నుంచి లెక్కిస్తున్నారు.

ఆ లెక్కన అన్నిటికన్నా ఎత్తైన చోటు 10,786 మీటర్లు, మనకు కనిపించని వైపున ఉంది. "ఎవరెస్టును మించిన కొండ" అని చాలామంది చెప్పేస్తుంటారు. అసలు అక్కడ కోసుగా నిలబడ్డ శిఖరమే లేదు! వాలు 3 డిగ్రీలే, నడుస్తూ పోతే ఎక్కుతున్నట్టే అనిపించదు. పైగా ఎవరెస్టు లెక్క సముద్రమట్టం నుంచి, ఇది సగటు వ్యాసార్థం నుంచి. ఈ రెంటికీ పోటీ పెట్టడం నాకు సరైన పని అనిపించదు.

శుక్ల అష్టమి, నవమి రాత్రుల్లో చిన్న టెలిస్కోపు ఉన్నా చాలు, వెలుగు అంచు మధ్యకు కాస్త పైన అపెనైన్ వరుస వంపుగా కనిపిస్తుంది. చీకటి వైపున మీకు ఎన్ని చుక్కలు దొరికాయో కామెంట్లలో రాయండి.