పైకి లేవని ఫిరంగి: అఫ్ఘాన్ కొండల్లో సోవియట్ సైన్యం

[తెరపై: ఇరుకైన లోయ. అడుగున ఏరు, ఏటి పక్కన మట్టి బాట, రెండు వైపులా నిటారుగా లేచిన రాతి కొండలు.]

నమస్కారం. ఈ బాట మీద ఒక సోవియట్ సాయుధ వాహనం వెళ్తోందనుకోండి. దాని పేరు బీఎంపీ-1. పైనున్న గుండ్రటి గదిలో ఒక్కడే సైనికుడు కూర్చుని 73 మిల్లీమీటర్ల ఫిరంగిని నడుపుతాడు. ఉన్నట్టుండి కొండ మీది నుంచి తూటాలు కురుస్తాయి. అతడు ఫిరంగి గొట్టాన్ని పైకెత్తడం మొదలుపెడతాడు. సుమారు ముప్ఫై డిగ్రీల దగ్గర గొట్టం ఆగిపోతుంది, ఇక లేవదు. కాలుస్తున్నవాడు మాత్రం అంతకంటే పైన, బండరాయి చాటున నిబ్బరంగా కూర్చుని ఉంటాడు.

[తెరపై: వాహనం పక్కనుంచి గీసిన బొమ్మ. గొట్టం లేచే కోణం ఎర్ర గీతతో, కొండ వాలు నల్ల గీతతో.]

1979 డిసెంబరులో అఫ్ఘానిస్థాన్‌లోకి ప్రవేశించిన సోవియట్ సైన్యానికి ఎదురైన చిక్కు ఈ బొమ్మలో చాలావరకు కనిపిస్తుంది. ఆ ఆయుధాలన్నీ ఐరోపా మైదానాల కోసం, ఎదురుగా నేల మట్టాన వచ్చే శత్రు ట్యాంకుల కోసం తయారైనవి. టీ-55, టీ-62 ట్యాంకుల ఫిరంగులు పదహారు నుంచి పద్దెనిమిది డిగ్రీలకు మించి లేవవు. పైన ఉండి సోవియట్ సైన్యంతో పోరాడిన అఫ్ఘాన్ తిరుగుబాటుదారులు, అంటే ముజాహిదీన్‌ల చేతుల్లో ఉన్నది చాలాసార్లు బ్రిటిష్ కాలపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. ఒక్కొక్క తూటాగా పేలే ఆ పాత తుపాకీ బరువైన గుండును దూరం నుంచి గురి తప్పకుండా పంపుతుంది. సోవియట్ సైనికుడి ఏకే-74 వేగంగా పేలుతుంది గానీ, దాని తేలికపాటి 5.45 మిల్లీమీటర్ల తూటాకు శిఖరం నుంచి శిఖరానికి ఆ పట్టు ఉండదు. అందుకే దళాల్లో పీకేఎం మెషీన్ గన్‌కు, దుర్భిణి అమర్చిన ద్రగునోవ్ రైఫిల్‌కు విలువ పెరిగింది.

ఆయుధాలు మారాయి. బీఎంపీ-2 మీద అమర్చిన 30 మిల్లీమీటర్ల గన్ 74 డిగ్రీల వరకు లేస్తుంది, కాబట్టి లోయ అడుగున నిలబడే కొండ అంచును కొట్టగలదు. విమానాలను కూల్చడానికి చేసిన షిల్కా అనే నాలుగు గొట్టాల వాహనం ఇంకా పైకి, 85 డిగ్రీల వరకు చూస్తుంది. ముజాహిదీన్‌లకు విమానాలు లేవు గనుక దాని రాడార్‌ను తీసేసి, మోసుకెళ్లే తూటాలను రెండు వేల నుంచి నాలుగు వేలకు పెంచి, కాన్వాయ్‌ల వెంట నడిపించారు. మామూలు లారీల మీద కూడా జంట గొట్టాల విమాన విధ్వంసక తుపాకులు బిగించారు. అయితే శిఖరానికి అవతలి వాలున దాక్కున్నవాడిని ఇవేవీ తాకలేవు, ఎందుకంటే వీటి గుండు తిన్నగా పోతుంది. అక్కడ పనికొచ్చేది మోర్టార్. దాని గుండు ఆకాశంలోకి ఎగిరి, శిఖరం దాటి, అవతలి వైపు నిలువుగా పడుతుంది.

ఇంత మార్చినా దారి సురక్షితం కాలేదు. కొండను కింది నుంచి కొట్టడం ఒక ఎత్తు, కొండ మీద మన మనిషి ఉండడం మరో ఎత్తు.

[తెరపై: లోయ పటం. రెండు వైపులా శిఖరాల మీద నీలి చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి.]

వాయవ్య సరిహద్దు కొండల్లో బ్రిటిష్ ఇండియా సైన్యం దశాబ్దాలపాటు పాటించిన పద్ధతి ఇది. దళం లోయలోకి అడుగుపెట్టక ముందే చిన్న చిన్న జట్లు రెండు వైపులా శిఖరాలెక్కి కాపు కాస్తాయి, కింది దళం దాటిపోయాక చివరి జట్టు దిగి వచ్చి కలుస్తుంది, ఈలోగా ముందున్న శిఖరాలను వేరే జట్లు పట్టుకుంటాయి. వినడానికి సులువే. కాని ఒక్కో శిఖరం ఎక్కడానికి గంటలు పడుతుంది, కింద ఉన్నవారు అంతసేపూ ఆగాలి. పైగా జట్టు శిఖరం వదిలి దిగే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరం.

ఆ ఓపిక పట్టనందుకు చెల్లించిన మూల్యం పంజ్‌షీర్ లోయలో కనిపిస్తుంది. కాబూల్‌కు ఉత్తరాన, సలంగ్ రహదారి పక్కన ఉన్న ఈ లోయ ముజాహిదీన్ నాయకుడు అహ్మద్ షా మసూద్ స్థావరం. సోవియట్ సరఫరా వాహనాలు ఆ రహదారి మీదనే నడిచేవి. 1984 ఏప్రిల్‌లో పెద్ద దాడి మొదలవుతుందని ముందే తెలిసి మసూద్ జనాన్ని ఖాళీ చేయించాడు. తరతరాల ఇళ్లను, పొలాలను వదిలి వెళ్లిన ఆ కుటుంబాల కష్టం ఏ సైనిక పటంలోనూ కనిపించదు. ఏప్రిల్ 30న 682వ రెజిమెంటుకు చెందిన ఒక బెటాలియన్, శిఖరాల మీద కాపు లేకుండానే హజారా అనే ఇరుకు లోయలో అడుగు బాట పట్టి నడిచింది. రెండు వైపుల నుంచీ కాల్పులు మొదలయ్యాయి. యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది నిర్బంధ సైనిక సేవలో వచ్చిన ఇరవై ఏళ్ల దరిదాపుల్లోని కుర్రాళ్లు. అది ఆయుధాల లోపం కాదు, తెలిసిన నియమాన్ని తొందరలో పక్కన పెట్టడం అని నేను గట్టిగా నమ్ముతాను.

మన మన్యం కూడా ఇలాంటి దాన్ని చూసింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం ముందు నడిచిన పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కాల్చి చంపింది. ఎత్తు నుంచి చూసేవాడికి ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో ఎంచుకునే వీలుంటుంది.

శిఖరం ఎక్కేవాడి వీపు సంగతి కూడా చెప్పాలి. తూటాలు, నీళ్లు, మోర్టార్ గుండ్లు కలిపితే ముప్ఫై కిలోలు దాటుతుంది. పది కిలోలు మించిన రక్షణ కవచాన్ని చాలామంది కిందే వదిలేసేవారు. సైన్యం ఇచ్చిన బరువైన బూట్లు రాళ్ల మీద జారుతుంటే, ఆటలకు వాడే గుడ్డ బూట్లు తొడుక్కుని ఎక్కేవారు.

ఎక్కడం తప్పించడానికి హెలికాప్టర్లున్నాయి. 1982 మే నెలలో పంజ్‌షీర్‌లో వాటితోనే వేలమందిని దించారు. కాని ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ శక్తి, రెక్కల పట్టు రెండూ తగ్గుతాయి. నిండు బరువుతో ఎంఐ-24 అనే దాడి హెలికాప్టర్ నిలువుగా లేవలేక, విమానంలా నేల మీద పరుగెత్తి లేవాల్సి వచ్చేది. 1986 సెప్టెంబరులో జలాలాబాద్ దగ్గర ముజాహిదీన్‌లు భుజం మీది నుంచి పేల్చే స్టింగర్ క్షిపణులు మొదటిసారి హెలికాప్టర్లను కూల్చాక, దించడం కూడా ప్రాణాల మీదికి వచ్చింది.

[తెరపై: గర్దేజ్ నుంచి ఖోస్త్‌కు పోయే రోడ్డు, దాని పైన మంచు పట్టిన ఒక శిఖరం.]

1987 చివర్లో, ముట్టడిలో ఉన్న ఖోస్త్ పట్టణానికి దారి తెరవడానికి సోవియట్ సైన్యం పూనుకుంది. ఈసారి శిఖరాలను వదల్లేదు. 3,234 మీటర్ల ఎత్తున్న ఒక శిఖరం మీద 39 మంది పారాచూట్ సైనికులు 1988 జనవరి 7 మధ్యాహ్నం నుంచి మర్నాటి తెల్లవారుజాము వరకు వరుస దాడులను ఆపారు. ఆ 39 మందిలో ఆరుగురు చనిపోయారు. కింది రోడ్డు మీద ఆహారం, ఇంధనం మోసే లారీలు ఖోస్త్ చేరాయి. ఆ తర్వాత సైన్యం శిఖరాల నుంచి దిగి వెనక్కి వెళ్లింది, రోడ్డు మళ్లీ మూతపడింది. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం దేశం దాటింది. 1991 మార్చి 31న ఖోస్త్ ముజాహిదీన్‌ల చేతికి చిక్కింది.