సొట్టకి లెక్క కట్టినవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాని నేల మీద నిలబెట్టి, గోడ ఆసరాతో నెమ్మదిగా దాని మీద ఒంటికాలితో నిలబడితే, అరవై కిలోల మనిషిని కూడా అది మోస్తుంది. డబ్బా గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. అలా నిలబడి ఉండగా పక్కనున్నవాళ్లు రెండు వేళ్లతో డబ్బా నడుముని చెరోవైపు తట్టారా, టప్పుమని అణిగిపోతుంది. పిల్లలు చేసి చూడాలనుకుంటే చెప్పులు వేసుకోండి, పెద్దవాళ్లని పక్కన ఉంచుకోండి. చిరిగిన రేకు అంచు బ్లేడుకేం తీసిపోదు.

అరవై కిలోలకి లొంగనిది రెండు వేళ్లకి ఎందుకు లొంగింది? ఇంజనీర్లనీ, గణితం వాళ్లనీ వందేళ్లకి పైగా తిప్పలు పెట్టిన ప్రశ్న ఇది. గత పదేళ్లలో దీన్ని కొందరు కొత్తగా పట్టుకున్నారు. ఈ పూట వాళ్ల గురించే చెబుతాను.

విశాఖలో ఉండేవాళ్లకి ఇది పరాయి సంగతేమీ కాదు. ఈ ఊళ్లో పల్చటి రేకుతో చేసిన డొల్ల కట్టడాలకి కొదవ లేదు. ఆయిల్ ట్యాంకుల్నే తీసుకోండి. పైకప్పు తేలుతూ ఉండే పెద్ద ట్యాంకులకి పై అంచు దగ్గర చుట్టూ ఒక ఉక్కు పట్టీ కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు అది మనుషులు నడవడానికే అనుకుంటారు. అసలు పని వేరు, గాలికి గోడ లోపలికి సొట్ట పోకుండా ఆపడం. తుపాను వస్తోందంటే గండం నిండు ట్యాంకుకి కాదు, ఖాళీ ట్యాంకుకి. లోపల ద్రవం ఉంటే అది గోడని బయటికి నెడుతూ కాపు కాస్తుంది, ఖాళీదైతే రేకు ఒంటరిగా గాలికి ఎదురు నిలవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి చూసిన ఊరికి ఆ గాలి బలమేమిటో నేను చెప్పక్కర్లేదు. ప్రమాదానికి తుపానే రావాలనీ లేదు. రంగులు వేసేటప్పుడు ట్యాంకు గాలిగొట్టానికి పాలిథిన్ కవర్ చుట్టి, తియ్యడం మర్చిపోయి, మోటారు ఆన్ చేసి లోపలి సరుకు తోడేస్తే చాలు. బయటి గాలే ట్యాంకుని నలిపేస్తుంది. రసాయన కర్మాగారాల భద్రతా పాఠాల్లో ఇది పాత కథే.

ఇక బీచ్‌రోడ్డులో కుర్సురా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. మనం ఫొటోలు దిగేటప్పుడు వెనకాల కనిపించే ఒళ్లు నిజానికి పై తొడుగు. మునిగినప్పుడు దానికి లోపలా బయటా నీళ్లే ఉంటాయి కాబట్టి ఒత్తిడి భారం దాని మీద పెద్దగా పడదు. ఆ భారమంతా మోసేది లోపలి పొట్ట, నావికులు ఉండే గొట్టం. సముద్రంలో పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. 200 మీటర్ల లోతులో చదరపు మీటరు మీద 200 టన్నులు. అందుకే ఆ గొట్టాన్ని వరసగా ఉక్కు రింగులతో బిగిస్తారు.

అసలు పల్చటి గొట్టానికి ఇంత బలం ఎక్కడిది? రేకుని వంచడం తేలిక, సాగదీయడం మహా కష్టం. బల్లపరుపు రేకు ఎటు కావాలంటే అటు వంగుతుంది. అదే రేకుని గుండ్రంగా చుట్టి అంచులు అతికేస్తే, సాగకుండా వంగే దారి దాదాపు మూసుకుపోతుంది. బలం లోహంలో కన్నా ఆకారంలో ఎక్కువ ఉంది. ఆకారం చెడితే బలం కూడా దాంతోపాటే పోతుంది. సొట్ట అంటే మూసుకుపోయిన ఆ దారి ఒకచోట తెరుచుకోవడమే.

1908 నుంచి 1915 వరకు ఐరోపా శాస్త్రవేత్తలు దీనికి సూత్రాలు కట్టారు. గొట్టం సూత్రంలో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. నిలువునా నొక్కినప్పుడు గొట్టం మొత్తం ఎంత బరువు మోస్తుందన్నది దాని చుట్టుకొలత మీద ఆధారపడదు. లోహం గట్టిదనం, రేకు మందం, ఈ రెండే లెక్కలోకి వస్తాయి. మన అల్యూమినియం డబ్బాకి ఆ లెక్క వేస్తే 270 కిలోలు వస్తుంది. కాగితం మీద సంగతి ఇది.

1930ల్లో విమానాల కోసం నిజం గొట్టాలని నొక్కి చూసేసరికి కథ అడ్డం తిరిగింది. కొన్ని లెక్కలో సగానికే కుప్పకూలాయి, కొన్ని లెక్కలో పావు వంతుకే. ఒకే అచ్చులో చేసిన రెండు గొట్టాలు కూడా ఒకే బరువుకి పడలేదు. 1941లో విమాన శాస్త్రవేత్త వాన్ కార్మన్, ఆయన చైనా శిష్యుడు షియెన్ కలిసి కొంత ముడి విప్పారు. తర్వాతి కాలంలో చైనా రాకెట్ల కార్యక్రమానికి ఆద్యుడైన షియెన్ ఈయనే. పూర్తి జవాబు మాత్రం డచ్చి ఇంజనీరు కోయిటర్ దగ్గర దొరికింది. యుద్ధకాలంలో రాసి 1945లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం అది. డచ్చి భాషలో ఉండడంతో బయటి ప్రపంచం చాలాకాలం దాని జోలికే పోలేదు. 1967లో నాసా ఇంగ్లీషులోకి అనువాదం చేయించింది.

కోయిటర్ తేల్చింది ఇదీ. సూత్రం తప్పు కాదు, కానీ అది నిఖార్సైన గుండ్రటి గొట్టానికి మాత్రమే, అలాంటిది ఈ లోకంలో లేదు. ప్రతి గొట్టానికీ కంటికి ఆనని సొట్టలుంటాయి. వాటి లోతు రేకు మందంతో పోల్చదగినంత ఉంటే చాలు, బలం సగానికి పడిపోవచ్చు. అంతకన్నా చేదు నిజం ఇంకోటుంది. మొదటి చిన్న సొట్టకి పోయినంత బలం, ఆ తర్వాత సొట్ట పెరిగినకొద్దీ పోదు. మొదటి దెబ్బే పెద్ద దెబ్బ.

మరి రాకెట్లు ఎలా కట్టారు? పాత ప్రయోగాల ఫలితాలన్నీ ఒక గ్రాఫులో చుక్కలుగా పెట్టి, వాటికి అడుగున గీసిన గీతని పట్టుకున్నారు. 1965లో వచ్చి 1968లో సవరించిన నాసా మార్గదర్శిలో ఉన్నది ఆ గీతే. దాని ప్రకారం మన డబ్బాని వంద కిలోలకి కాస్త ఎక్కువ వరకే నమ్మాలి. ఇంజనీరు సంసారపక్షంగా ఆలోచించాడన్నమాట, తప్పు పట్టలేం. కానీ ఈ జాగ్రత్తకి ఖరీదుంది. రాకెట్ గోడలో అక్కర్లేని లోహం ప్రతి కిలో, పైకి వెళ్లాల్సిన ఉపగ్రహం బరువులోంచి కోత పెడుతుంది. 2007లో నాసా ఆ పాత గీతని తిరగదోడడం మొదలుపెట్టింది. 2011 మార్చిలో 27.5 అడుగుల వ్యాసం ఉన్న అల్యూమినియం లిథియం గొట్టాన్ని తెచ్చి, దాదాపు పది లక్షల పౌండ్ల బలంతో కావాలనే నలిపేశారు. గొట్టం నిజంగా ఎక్కడెక్కడ ఎంత వంకరగా ఉందో ముందే కొలిచి, ఆ వంకరలని కంప్యూటర్ నమూనాలో పెట్టి, లెక్కనీ ప్రయోగాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక గొట్టం ఎంత మోస్తుందో తెలుసుకోవాలంటే దాన్ని నలపాలి, నలిపాక అది పనికిరాదు. పైగా ప్రతి సొట్టనీ కొలవడం అన్నిసార్లూ కుదిరే పని కాదు.

2017లో హార్వర్డ్‌లో రూబిన్‌స్టైన్ బృందం, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ష్నైడర్ బృందం కలిసి ప్రశ్ననే మార్చేశారు. ఇది ఎంత మోస్తుంది అని కాకుండా, ఇంత మోస్తుండగా ఎంత చిన్న పోటుకి పడిపోతుంది అని అడిగారు. వాళ్లు వాడినవి కూడా మామూలు డ్రింకు డబ్బాలే. డబ్బాని పైనుంచి కొంత నొక్కి ఉంచి, పక్కనుంచి ఒక మొనతో మెల్లగా పొడుస్తూ ఎంత బలం పడుతోందో కొలిచారు. పొడిచేకొద్దీ ఆ బలం పెరిగి, ఒక శిఖరం చేరి, తగ్గడం మొదలవుతుంది. పై బరువు పెంచుకుంటూ పోతే ఆ శిఖరం ఎత్తు పడిపోతుంది. ఎలా పడిపోతోందో గీత గీసి, శిఖరం సున్నా అయ్యే చోటు దాకా పొడిగిస్తే, నలపకుండానే నలిగే బరువు అంచనాకి వస్తుంది.

ఈ ఆలోచన వెనక గొట్టాల శాస్త్రం కన్నా నీళ్ల శాస్త్రం ఉండడం నాకు భలే నచ్చింది. ష్నైడర్ వాళ్లు అంతకుముందు పనిచేసింది పైపులో నిలకడగా పారే నీరు సుడులు తిరగడం ఎలా మొదలెడుతుందన్న సమస్య మీద. అక్కడా ఇదే కథ. ప్రవాహం ప్రశాంతంగానే ఉంటుంది, తగినంత కదలిక తగిలితే ఒక్కసారిగా చెదురుతుంది. చెదరగొట్టే అతి చిన్న కదలికని కంప్యూటర్‌లో వెతికే పద్ధతుల్నే రేకు మీదికి మళ్లించారు.

2020లో ఇదే బృందాలు సొట్టలున్న గొట్టాల మీద పద్ధతిని పరీక్షించాయి. బలహీనమైన చోటికి దగ్గరలో పొడిస్తే అంచనా చక్కగా కుదురుతుంది. దూరంగా పొడిస్తే అంత నమ్మకంగా ఉండదు. అంటే ఎక్కడ పొడవాలో ముందు తెలియాలి. అరచేతిలో పట్టే డబ్బాకైతే చుట్టూ పొడుచుకుంటూ పోవచ్చు. పదుల మీటర్ల పొడవు, లోపల ఉక్కు రింగులు, పొడుగునా వెల్డింగు అతుకులు ఉన్న జలాంతర్గామి పొట్టకి అది సాగేదేనా? పైగా మందపు ఉక్కు డబ్బా రేకులా కాదు. నలిగేలోపే శాశ్వతంగా వంగిపోయి లెక్కని ఇంకా చిక్కుపరుస్తుంది. అందుకని ప్రస్తుతానికి డబ్బాల దగ్గర కుదిరిన ఈ పద్ధతి ఓడల దాకా రావాలంటే, లేజరుతో కొలిచిన నిజం ఆకారం, దాని మీద కంప్యూటర్ లెక్క, ఆ లెక్క చూపించిన నాలుగైదు చోట్ల పోటు, ఈ మూడూ కలిసి నడవాలి.