చావి రైలు దొరికితే తోమకండి

[దృశ్యం: బల్ల మీద రేకు ఇంజన్, పక్కన స్కేలు, అయస్కాంతం, భూతద్దం]

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాతిల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద చావి తిప్పితే నడిచే రేకు బొమ్మ రైలు బయటపడుతుంది. వెంటనే ఎవరో ఒకరు చింతపండు తెస్తారు. ఇత్తడి బిందెకు పులుపు మంచిదే. రేకుకు తగిలితే రంగు లేచిపోయి కొత్త జంగు మొదలవుతుంది. పాత రైలు విలువ కంపెనీ వేసిన ఆ రంగులోనే ఉంది.

[దృశ్యం: పట్టాల మధ్య స్కేలు]

ముందు గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, కొలవండి. పట్టాల లోపలి అంచుల మధ్య 45 మిల్లీమీటర్లుంటే ఒకటో గేజ్, 32 అయితే 'ఓ' (O) గేజ్, 16.5 అయితే 'డబుల్ ఓ' (OO) లేదా 'హెచ్‌ఓ' (HO). ఈ పద్ధతికి దారి వేసింది జర్మనీలోని గోపింగెన్‌కు చెందిన మార్క్లిన్ కంపెనీ. 1891లో లైప్‌జిగ్ సంతలో గేజ్‌లు ఖాయం చేసిన రైళ్లు పెట్టింది. గేజ్ కలుస్తుంది కాబట్టి ఇంజన్ ఒకసారి కొన్న ఇంట్లో ఏటా పట్టాలు, డబ్బాలు కొంటూనే ఉంటారు! ఇంగ్లండ్‌లో మెకానో అనే బిగించి ఆడుకునే రేకు ముక్కల సెట్టు తయారుచేసిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో చావి రైళ్లు తెచ్చాడు. చిన్న సైజు హార్న్‌బీ డబ్లో 1938లో వచ్చింది.

 

[దృశ్యం: ఇంజన్ అడుగుభాగం, భూతద్దంలో]

ముద్ర చూడండి. జి.బి.ఎన్. అంటే జర్మనీలోని నూరెంబర్గ్‌కు చెందిన బింగ్ సోదరుల కంపెనీ. తర్వాతి సరుకు మీద బి.డబ్ల్యూ. ఉంటుంది. డి.ఆర్.జి.ఎం. అని ఉంటే 1945కు ముందు రిజిస్టరైన జర్మన్ నమూనా. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే 1952 లోపుది.

[దృశ్యం: చిల్లులోంచి వచ్చిన రేకు నాలుక, చాలా దగ్గరగా]

ఇక్కడ ఆగి చూడండి. రేకు ముక్కలను అతికించింది ఈ నాలుకలే: చిల్లులోంచి తెచ్చి మడిచారు. మడత మీద, చిల్లు అంచుల్లో ఒకే రంగు దట్టంగా పేరుకుంటే తర్వాత పూసిన రంగు అయ్యుండొచ్చు. అసలుదైతే మడిచినచోట తరచూ రంగు పగిలి రేకు కనిపిస్తుంది. లోపల చూద్దామని నాలుక లేపకండి, రెండోసారి మడిస్తే ఊడొస్తుంది.

ఇప్పుడు చక్రాలు. అయస్కాంతానికి అంటుకోకపోతే, ఉబ్బి సన్నగా పగిలి ఉంటే, అది జింకు మిశ్రమంలో సీసం కలిసి వచ్చిన జబ్బు. దీనికి మందు లేదు. తేమ, వేడి ఉంటే పగుళ్లు ఇంకా పెరుగుతాయి. నడిపించకుండా అద్దాల అల్మారాలో పెట్టుకోండి, లేదా చక్రాలు మార్చి పాతవి సంచిలో దాచండి.

[దృశ్యం: చావి తిప్పుతున్న చేయి]

చావి రెండు మూడు చుట్లకు మించొద్దు. ఏళ్ల తరబడి ఆగిన స్ప్రింగు నిండా బిగిస్తే తెగొచ్చు. కదలకపోతే అంతకుముందు పోసిన గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. ఇరుసు దగ్గర సూదిమొనతో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె వద్దే వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. కిరోసిన్ వద్దు, థిన్నర్ రంగును తినేస్తుంది. దుమ్ముకు మెత్తటి పెయింటు కుంచె, జంగుకు నూనె గుడ్డ.

మధ్యలో మూడో పట్టా ఉంటే అది చాలావరకు కరెంటు రైలు. అమెరికాలోని లయనెల్ కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్లు 110 వోల్టులవి; మన 230కి పెడితే కాలిపోతాయి. వైరు మీది రబ్బరు పొడిలా రాలుతుంటే ప్లగ్గు ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు, వానాకాలంలో లోపలే చెమ్మ నిలుస్తుంది. నూలు గుడ్డ చుట్టి, పై స్లాబు వేడి తగలని గదిలో పెట్టండి. రైలుతోపాటు వచ్చిన అట్టపెట్టె చిరిగినా సరే, పారేయకండి: కొనేవాళ్లు దానికీ ధర కడతారు.