ఇంజెక్షన్ పేరు చూసి క్యాన్సర్ అనుకోకు చెల్లెమ్మా

నమస్కారమండీ. కందుకూరు నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు అయిన ఎండోమెట్రియోసిస్‌తో నెలనెలా కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోందట. ఒంగోలులో డాక్టరమ్మ ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ రాశారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే మగవాళ్ళకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ మందు అని కనిపించింది. "అక్కా, నాకు క్యాన్సరా? ఇంట్లోవాళ్ళు దాస్తున్నారా?" అని అడిగింది. రెండు రాత్రులుగా నిద్ర లేదట.

లేదమ్మా. ఈ ఇంజెక్షన్ రాసినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఇది ఒంట్లో హార్మోన్ తయారీని ఆపే మందు. ప్రోస్టేట్ క్యాన్సర్ టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తిని పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్, గర్భసంచి గడ్డలు, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తిని పెరుగుతాయి. ఆ తిండి అందకుండా చేస్తుంది కాబట్టే ఇన్నిటికీ ఇదే వాడతారు.

ఎలా ఆపుతుందో చెప్తాను. మెదడులోని హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. ఆ కబురు అందితేనే పిట్యూటరీ అండాశయాలకో, వృషణాలకో పని పురమాయిస్తుంది. ఆ కబురు మోసే హార్మోన్ గుట్టు విప్పిన ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్ అదే కబురును ఆపకుండా వినిపిస్తుంది. ఎవరైనా అప్పుడప్పుడు తలుపు కొడితే లేచి తీస్తాం. రాత్రీ పగలూ కొడుతూనే ఉంటే కొన్నాళ్ళకు పట్టించుకోం. పిట్యూటరీ కూడా అంతే.

కానీ మొదట్లో లేస్తుంది. అందుకే తొలి ఒకటి రెండు వారాలు హార్మోన్ తగ్గకపోగా పెరుగుతుంది. ఇది మా ఇంట్లోనే చూశాను. కావలిలో మా మామగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. మొదటి ఇంజెక్షన్ అయిన వారానికి నడుము నొప్పి ఎక్కువైంది. వికటించిందని ఇంట్లో ఏడుపులు. ఇలా అవుతుందని మాకు ముందు ఒక్కరూ చెప్పలేదు, ఆ బాధ నాకింకా ఉంది. ఈ పొంగును అణచడానికి ముందే బైకాలుటమైడ్ లాంటి మాత్రలు ఇస్తారు, అడగండి. ఇలాంటివాళ్ళకు కాళ్ళు మొద్దుబారినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మూడు నాలుగు వారాలకు టెస్టోస్టెరాన్ పడిపోతుంది. మామగారికి నొప్పి తగ్గింది. తగ్గింది కదా, తర్వాతి ఇంజెక్షన్ పొలం కోతలయ్యాక వేయించుకుంటానన్నారు. మేం ఒప్పుకోలేదు. తేదీ దాటితే హార్మోన్ మళ్ళీ లేస్తుంది.

చెల్లెమ్మా, నీకు మొదట ఒకసారి బ్లీడింగ్ ఎక్కువ కావచ్చు. తర్వాత నెలసరి ఆగుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, మన ఎండల్లో ఇంకా కష్టం. ఎముకలు పలచబడతాయి కాబట్టి దీన్ని మామూలుగా 6 నెలలకు మించనివ్వరు, ఎముకలను కాపాడటానికి తోడుగా కొద్ది మోతాదు హార్మోన్ మాత్ర ఇస్తారు. నెలసరి ఆగింది కదా, గర్భం రాదులే అనుకోకు. ఎన్ని నెలలు వేస్తారు, ఎముకలకు ఏం ఇస్తారు అని డాక్టరమ్మను అడుగు.

ఇప్పటికి ఫోన్ పక్కన పెట్టి పడుకోమ్మా.