ఒంటికాలి మీద ముప్పై లెక్క

అందరికీ నమస్కారం. మైకు వద్దులే అన్నా, పక్కన పెట్టెయ్. ఇరవై ఏడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన గొంతు ఇది, చివరి బెంచీ దాకా వినిపిస్తుంది.

మన వాకింగ్ బ్యాచ్ వాళ్ళు నన్ను ఎందుకు నిలబెట్టారంటే, "టీచరమ్మ కాలు బెణికినా వాకింగ్ మానలేదు" అని ఎవరో ప్రచారం చేశారు. అది అబద్ధం. మానేశాను. పన్నెండు రోజులు మంచం దిగలేదు, దిగిన తర్వాత చేయకూడనంత చేశాను. ఈ రెండు తప్పులూ చేసినదాన్ని కాబట్టే మీకు చెప్పడానికి నా దగ్గర ఏదో ఉంది. డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టు చెప్పింది, నేను చదివింది, నా కాలు నేర్పింది, ఈ మూడూ కలిపి చెప్తా.

పోయిన కార్తీక మాసంలో నాలుగు రోజులు ముసురు పట్టింది కదా, కపిలతీర్థంలో నీళ్ళు దబదబా పడుతున్నాయంటే చూడ్డానికి పోయా. ఏటా చూసేదే, అయినా పోతాం, తిరపతోళ్ళకు అదొక జబ్బు. వీడియో తీశాను, బయటికొచ్చి రోడ్డు పక్కన నడుస్తూ దాన్ని గ్రూపులో పెడుతున్నా. గుంటలో నీళ్ళున్నాయి, నీళ్ళలో గుంట ఉంది, నా కళ్ళు ఫోన్లో ఉన్నాయి. ఎడమ పాదం లోపలికి మడుచుకుపోయింది, చీలమండ బయటివైపు చిటుక్కుమంది. ఆటోలో ఇంటికొచ్చేలోపు చెప్పు పట్టీ బిగుసుకుపోయేంత వాపు.

మా అమ్మకు ఎనభై దాటాయి. చూడగానే, "ఏమ్మే, ఎముకే విరిగింటాది, పొద్దున్నే పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుందాం రా" అనింది. మన జిల్లాలో పుట్టినవాళ్ళకు పుత్తూరు కట్టు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ, ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వస్తారు. కానీ అసలు ఎముక విరిగిందా లేదా అనేది ముందు తేలాలి కదా. దానికి ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తులున్నాయి. 1992లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు ఒక పద్ధతి పెట్టారు, బెణికిన ప్రతివాళ్ళకీ ఎక్స్‌రే తీయకుండా, ఎవరికి తీయాలో తేల్చుకోడానికి. దెబ్బ తగిలిన వెంటనే, ఆస్పత్రికి పోయాక కూడా, కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముక కొన మీదో, దాని వెనక అంచు మీదో నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే. పాదం బయటి అంచు మధ్యలో, చిటికెన వేలి ఎముక మొదలయ్యే చోట నొప్పి ఉన్నా, పాదం లోపలి వైపు వంపు పైన ఎముక మీద నొప్పి ఉన్నా అంతే. ఇంకో మాట, ఇక్కడ షుగర్ ఉన్నవాళ్ళు సగం మంది ఉంటారు, దాచుకోకండి, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఈ నొక్కుడు పరీక్షను నమ్ముకోకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పోవాలి.

నేను నాలుగడుగులు వేశాను. ఎముక మీద నొప్పి లేదు, దాని ముందు, కొంచెం కింద మెత్తటి చోట ఉంది. అంటే ఎముకల్ని కలిపే పట్టీ, లిగమెంటు, సాగింది. చిన్న దెబ్బే. ఆ చిన్న దెబ్బకు నేను చేసిన మర్యాద చూడండి. మొదటిరోజే చింతపండు, ఉప్పు ఉడకేసి వేడివేడిగా పట్టు, పైన పక్కింటి ఆమె వచ్చి నూనె పోసి గట్టిగా నీవడం. తెల్లారేసరికి పాదం పనసకాయ. మొదటి రెండు మూడు రోజులు వేడీ, గట్టి మర్దనా వాపును పెంచుతాయని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో కావాల్సింది క్రేప్ బ్యాండేజ్ ఒత్తుగా, రక్తం ఆగిపోయేంత బిగువుగా కాకుండా చుట్టి, కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టుకోవడం, అంతే.

మరి ఐసు? 1978లో గేబ్ మిర్కిన్ అని అమెరికా డాక్టరు రెస్టు, ఐసు, కట్టు, ఎత్తు అని నాలుగు మాటల సూత్రం చెప్పాడు, లోకమంతా దాన్నే పట్టుకుంది. ఆయనే చాలా ఏళ్ళ తర్వాత, ఐసూ, పూర్తి రెస్టూ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేయొచ్చు అని తన మాట తానే సవరించుకున్నాడు. నాకు ఆయన ఆ పని వల్లే నచ్చాడు. నొప్పికి కాసేపు ఐసు పెట్టుకుంటే పాపమేం లేదు, గుడ్డలో చుట్టి పెట్టుకోండి.

ఇప్పుడు మంచం గురించి. మన ఇళ్ళల్లో కాలికి దెబ్బంటే ప్రేమ ఎక్కువైపోతుంది. "లేవొద్దు, నేను తెస్తా", "కదలొద్దు, నేను చూస్తా", సంగటి ముద్ద కూడా మంచం దగ్గరికే. పన్నెండు రోజులు. వాపు తగ్గలేదు, పైగా మంచి కాలి మోకాలు కూడా పట్టేసింది. ఫిజియో అమ్మాయి, మా స్కూల్లోనే చదువుకున్న పిల్ల, పిక్కను పట్టుకుని చెప్పింది, "మేడమ్, పాదాల్లోంచి రక్తాన్ని పైకి తోసే పంపు ఇదే, మీరు నడిస్తేనే ఇది ఆడుతుంది, పంపు ఆపేసి నీళ్ళు నిలబడినాయంటే ఎట్లా?" రైతు బిడ్డ కదా, బోరు మోటారు భాషలో చెప్పింది, నాకు వెంటనే ఎక్కింది. పిక్క వాచి, వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే మాత్రం అది వేరే కథ, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి అని కూడా చెప్పింది.

ఆ పిల్ల ఇచ్చిన మొదటి హోంవర్కు వింటే నవ్వుతారు. కుర్చీలో కూర్చుని, కాలు గాల్లో పెట్టి, బొటనవేలితో అక్షరాలు రాయమంది. ఇంగ్లీషు ఏ బీ సీ డీ రాయమని చెప్తారట అందరికీ. నేను ఊరుకుంటానా? ఏ అనే అక్షరంలో ఏముంది, మూడు గీతలు. మన 'ఱ' రాసి చూడండి, 'ఖ' రాయండి, 'ఋ' రాయండి, చీలమండ అన్ని వైపులా తిరిగి తీరాలి. అ నుంచి ఱ దాకా, గుణింతాలు అక్కర్లేదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడో రోజుకు 'ఘ' తోక తీస్తుంటే నొప్పి వచ్చేది, ఎనిమిదో రోజుకు రాలేదు. తెలుగు టీచర్‌గా నా జీవితంలో ఇంత ఉపయోగం ఎప్పుడూ చూడలేదు.

తర్వాత బయటికి. బయటికే ఎందుకంటే, ఇంట్లో నడిస్తే ఐదు నిమిషాలకు ఎవరో ఒకరు "కూర్చోమ్మా" అంటారు. మొదటి రోజు మా వీధి చివర టీ కొట్టు దాకా, అక్కడ బెంచీ మీద పది నిమిషాలు, మళ్ళీ ఇంటికి. ఇక్కడ ఒక తెలివి చెప్తా. మనకు అలవాటు ఎట్లుంటుందంటే తిన్నగా పోతాం, రెండు కిలోమీటర్లు పోయాక కాలు గుర్తొస్తుంది, అప్పుడు పోయినంత దూరం తిరిగి రావాలి. దెబ్బ ఉన్నప్పుడు ఇంటి చుట్టూనో, గ్రౌండు చుట్టూనో తిరగండి, ఎక్కడ వద్దనిపిస్తే అక్కడ ఆపేయొచ్చు. యూనివర్సిటీలో చెట్ల కింద రోడ్లు ఉన్నాయి చూడండి, చదునుగా, నీడగా, నాకు అవే పనికొచ్చాయి. ఎండాకాలమైతే పొద్దున ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి, మన ఊరి మే నెల కుంటేవాళ్ళని చూసి జాలిపడదు.

చేతికర్ర పట్టుకోడానికి నాకూ నామోషీగానే ఉండింది. 2023లో చిరుత భయానికి తిరుమల నడకదారిలో భక్తులకు కర్రలిచ్చారు, గుర్తుందా, అప్పుడు నవ్వినవాళ్ళల్లో నేనూ ఉన్నా. ఈ దెబ్బ తర్వాత రెండు వారాలు కర్ర లేకుండా వీధి దాటలేదు, కుక్కలకు కూడా అదే మందు. అయితే కర్రను దెబ్బ తగిలిన కాలి వైపు పట్టుకుంటారు చాలామంది. ఎడమ కాలికి దెబ్బయితే కుడిచేతిలో పట్టుకోవాలి, ఎడమ పాదమూ కర్రా కలిసి ముందుకు పడాలి, అప్పుడే బరువు పంచుకుంటుంది.

ఇక రెండో తప్పు. నాలుగో వారానికి వాపు పోయింది, నొప్పి పోయింది, మా వదిన ఫోన్ చేసింది.

"వదినా, శనివారం శ్రీవారి మెట్టు ఎక్కుదామా?"

"కాలు ఇప్పుడే కదా బాగయింది..."

"దేవుడి మెట్లకు కాలు నొప్పేంది వదినా!"

దీనికి జవాబు చెప్పగలిగే ఆడబిడ్డ ఎవరు? శ్రీనివాస మంగాపురం మీదుగా పోయాం, దాదాపు రెండు వేల నాలుగు వందల మెట్లు, అలిపిరి దారిలో మూడు వేల ఐదు వందల యాభై కదా, దానికన్నా తక్కువేలే అనే ధైర్యం. ఎక్కాను. నిజం, హాయిగా ఎక్కాను. దర్శనం బాగా అయింది. వదిన ఊపులో ఉంది, బస్సెందుకు, దిగిపోదాం అనింది. దిగాను. అక్కడ పోయింది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి కష్టం తెలుస్తుంది, దిగేటప్పుడు ఆయాసం ఉండదు, ఒళ్ళు బరువంతా ప్రతి మెట్టు మీదా పాదం బ్రేకు వేసి ఆపాలి. ఆ సాయంత్రం కూడా ఏమీ తెలియలేదు. పొద్దున్నే లేచి పాదం కింద పెడితే చాప మీద కుప్పకూలాను.

ఫిజియో అమ్మాయి తిట్టలేదు, "నొప్పి పోయిందంటే పట్టీ అతుక్కుందని కాదు మేడమ్, అది గట్టిపడటానికి నెలలు పడుతుంది" అనింది. లెక్క కూడా చెప్పింది. సున్నా నుంచి పది దాకా నొప్పి కొలుచుకోండి, నడుస్తున్నప్పుడు మూడు దాటకూడదు, అసలు పరీక్ష మాత్రం మర్నాడు పొద్దున. లేవగానే కాలు నిన్నటికన్నా బిగుసుకుందా, వాచిందా? అయితే నిన్న ఎక్కువైంది, సగానికి తగ్గించు. మామూలుగా ఉందా? అయితే నిన్నటిదే ఇవాళ, ఇంకో రెండు రోజులకు ఐదు నిమిషాలు ఎక్కువ. అప్పటినుంచి పొద్దున లేచి మంచం దిగకముందే రెండు చీలమండలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం అలవాటైంది, కాఫీకన్నా ముందు.

ఇప్పుడు అలిపిరిలో పాదాల మండపం నుంచి వంద మెట్లు ఎక్కి దిగుతా, వారానికి రెండు సార్లు, అంతే. మోకాళ్ళ మెట్ట దాకా ఎప్పుడు పోతానో తెలియదు, మా వదిన మాత్రం రోజూ అడుగుతోంది.

ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ ఎందుకు బెణుకుతుందో చెప్పి ఆపేస్తా. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు ఆ పట్టీలోనే ఉంటాయి. పట్టీ సాగినప్పుడు అవీ దెబ్బతింటాయి, గుంటలో పాదం వంగుతోందనే కబురు ఆలస్యంగా అందుతుంది. దాన్ని మళ్ళీ నేర్పించడానికి ఒంటికాలి మీద నిలబడాలి. రోజూ పళ్ళు తోముకుంటూ నిలబడుతున్నా నేను, మొదట్లో ఏడు లెక్కపెట్టేలోపు వాష్‌బేసిన్ పట్టుకునేదాన్ని.

లేవండి, అందరూ లేవండి. చెప్పులు విప్పేయండి. కొత్తగా దెబ్బ తగిలినవాళ్ళు, తల తిరిగేవాళ్ళు కూర్చోండి, మొహమాటం వద్దు. అరవై దాటినవాళ్ళు గోడ దగ్గరికి రండి, ఒక వేలు గోడకు ఆనించండి. వెనక ఆ అన్న ఫోన్ జేబులో పెట్టుకుంటే బాగుంటుంది, నా కథ విన్నాక కూడానా? కళ్ళు ఎదురుగా ఆ వేపచెట్టు మీద పెట్టండి. ఎడమ కాలు ఎత్తండి, ఎత్తు అక్కర్లేదు, నేల విడిస్తే చాలు. పక్కవాళ్ళని పట్టుకోకూడదు. ముప్పై దాకా నేను లెక్కపెడతా. ఒకటి... రెండు... సార్, అప్పుడేనా?