మోటుపల్లికి ఓడ తీసుకెళ్లాలా, వద్దా?

శ్రోతలందరికీ నమస్కారం.

బడిపిల్లలున్న ఇళ్లల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. "అమ్మా, ఫోన్ ఇవ్వవా, సోషల్ ప్రాజెక్ట్ ఉంది." ఇస్తాం. పిల్లవాడు గూగుల్‌లో "కాకతీయులు" అని కొడతాడు. మొదట వచ్చిన పేజీలోంచి నాలుగు పేరాలు ఎక్కించేస్తాడు. రెండు బొమ్మలు ప్రింట్ తీయించి అంటిస్తాడు. అరగంటలో ప్రాజెక్ట్ అయిపోతుంది. ఆ అరగంటలో వాడు ఆలోచించిందేమిటి? ఏమీ లేదు. పిల్లవాణ్ణి అని లాభం లేదు. అడిగిన ప్రశ్నే అలాంటిది, కొడితే దొరికే ప్రశ్న.

నేను సోషల్ టీచర్ని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నెట్ సాయంతో అన్వేషణ పాఠం ఎలా తయారు చేసుకోవచ్చో ఈ పూట మాట్లాడతాను. 1995లోనే అమెరికాలోని శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ అనే ప్రొఫెసర్ 'వెబ్‌క్వెస్ట్' అని ఒక పద్ధతి తయారుచేశారు. పిల్లలకు ఒక పని అప్పగించాలి. ఏ పేజీలు చూడాలో టీచరే ముందుగా ఏరి ఇవ్వాలి. పిల్లల సమయం వెతుకులాటకు పోకూడదు, దొరికినదాన్ని పట్టుకుని ఆలోచించడానికి మిగలాలి. పద్ధతి గురించి ఇంతకంటే చెప్పను. నాకు బాగా ఇష్టమైన పాఠం ఒకటుంది, అది చెబుతాను.

కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు "గణపతిదేవుని గొప్పతనం వివరించండి" అని అడగను. కొడితే దొరుకుతుంది. ఇలా అడుగుతాను: "ఇది 1245. నువ్వు ఓడ వర్తకుడివి. సముద్రం మీద ఉన్నావు. మోటుపల్లి రేవుకు ఓడ తీసుకెళ్తావా, తీసుకెళ్లవా? ఎందుకు? నీ భాగస్వామికి ఉత్తరం రాయి."

ఇది కొడితే దొరకదు.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, చినగంజాం దగ్గర. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర 1244 నాటి గణపతిదేవుని అభయ శాసనం ఉంది. దాని ఇంగ్లీషు అనువాదం 'ఎపిగ్రాఫియా ఇండికా' అనే పాత శాసనాల సంపుటాల్లో అచ్చయింది. ఆ సంపుటాలు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అందులోంచి ఒక్క పేరా తీసి తెలుగులో పెట్టి పిల్లలకిస్తాను. సారాంశం ఇది: ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని ఇంత సాహసం చేసి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేము వాళ్లకే వదిలేస్తున్నాం.

సుంకం ఎంతో కూడా శాసనంలోనే ఉంది. ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు... ఈ జాబితా చదివేటప్పుడు పిల్లల మొహాలు చూడాలి! మాడ అంటే అప్పటి బంగారు నాణెం. "ముప్పై మాడల సరుకుకు ఒక మాడే కదా, వెళ్లిపోదాం సార్" అని లెక్కల్లో చురుకైనవాడు వెంటనే తేల్చేస్తాడు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, దయతో వదిలేస్తున్నా అన్నాడు సరే. ఓడలే రాకపోతే రాజుగారికి సుంకం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది. ఇంకొకడు, "పాత రాజులు లాక్కునేవాళ్లని చెబుతున్నది ఈ రాజే కదా, వాళ్లనడిగితే ఏమంటారో!" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లలు శాసనాన్ని ఎదురు ప్రశ్నలు అడుగుతున్నారు. నేను సోషల్ చెప్పేది ఇందుకే.

అప్పుడు రెండో పేజీ ఇస్తాను. 13వ శతాబ్దం చివర ఈ తీరం గురించి చెప్పిన మార్కోపోలో యాత్రా వృత్తాంతం. ఇదీ ఉచితమే, పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉంది. ఆయన మోటుపల్లిని 'ముత్‌ఫిలి' అంటాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందంటాడు. పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే, వజ్రాలు అంటుకున్న ఆ ముక్కల్ని పక్షులు పైకి తెస్తాయంటాడు. భర్త చనిపోయాక సుమారు నలభై ఏళ్లుగా ఒక రాణి న్యాయంగా పరిపాలిస్తోందనీ అంటాడు. ఆ రాణి రుద్రమదేవి అని మనకు తెలుసు. కానీ ఆమె గణపతిదేవుని భార్య కాదు, కూతురు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆ మాట చెబుతోంది. మూడో పేజీగా అందులోంచి రెండు వాక్యాలు ఇస్తాను.

ఇక పిల్లలు వాదించుకుంటారు. రాణి విషయంలో పొరబడ్డవాడు బట్ట గురించి నిజమే చెప్పి ఉంటాడా? వజ్రాల కథ కళ్లారా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా? పుస్తకంలో అచ్చయింది కాబట్టి నిజం అనే అలవాటు అక్కడ కొంచెం సడలుతుంది. ఫోన్‌లో వచ్చిందల్లా నమ్మే ఈ రోజుల్లో నాకు ఇంతకంటే అవసరమైన చదువు కనబడదు.

నాతోటి టీచర్లకు ఒక్క విషయం చెప్పాలి. పేజీలు ఏరడం దగ్గరే ఈ పాఠం నిలుస్తుంది, లేదా పోతుంది. పది లింకులు ఇవ్వకండి. రెండో మూడో చాలు, వాటిలో రెండైనా ఒకదానికొకటి పడనివి కావాలి. లింకు మాత్రమే ఇచ్చి వదిలేస్తే పిల్లలు ఇంగ్లీషు చూసి బెదురుతారు. అవసరమైన అరపేజీని మీరే తెలుగులో రాసిపెట్టండి. ముందు రోజే ఫోన్‌లో దింపి ఉంచండి, మన బళ్లల్లో నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు. నలుగురికి ఒక ఫోన్ ఉన్నా చాలు, అసలు లేకపోతే జిరాక్స్ కాపీ చాలు. ఆ అరపేజీ పైన మాత్రం ఒక లైను తప్పకుండా రాయండి: ఇది ఎవరి మాట, ఎప్పటిది, ఎవరి కోసం రాసింది. పిల్లల చేత ముందు ఆ లైను చదివించి, తర్వాతే కిందికి వెళ్లండి.

నమస్కారం.