నొప్పులు పడేటప్పుడు పక్కన ఒక మనిషి

అందరికీ నమస్కారం అండి. పెద్దలకి, నర్సమ్మలకి, ఇవాళ డూలా ట్రైనింగ్ సర్టిఫికెట్ తీసుకోబోతున్న అమ్మాయిలకి. పేరుపేరునా చెప్పాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలే, ఏమీ అనుకోకండి.

డూలా అంటే తెలీని వాళ్ళకి ఒక్క ముక్క. మంత్రసాని కాదు, నర్సూ కాదు, కాన్పు చెయ్యదు, మందు ఇవ్వదు. నెలలు నిండకముందే పరిచయం చేసుకుని, నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పక్కనే ఉండి నడుం రాస్తూ, డాక్టర్ గారు చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ అడగడానికి ధైర్యం ఇస్తూ, ఇంటికెళ్ళాక పాలు పట్టడం కుదరక బాలింత ఏడుస్తుంటే అప్పుడు కూడా తోడుండే మనిషి.

లెక్కలు రాసుకొచ్చాను, చెప్తాను, కానీ ముందు నా సంగతి చెప్పనివ్వండి.

నా తొలి కాన్పు. హాస్పిటల్ పేరు వద్దు. నన్ను లోపలికి తీసుకెళ్ళగానే మా అమ్మని తలుపు బయటే ఆపేశారు, రూల్ అన్నారు. రాత్రి తొమ్మిదింటి నుంచి మర్నాడు పదకొండింటి దాకా నేను ఒక్కదాన్నే. ఉన్నది ఇద్దరు నర్సులు, నొప్పులు పడేది పదకొండు మందిమి, వాళ్ళని నేను ఇప్పటికీ తప్పు పట్టను, వాళ్ళు మాత్రం ఎంతమంది దగ్గర నిలబడతారు. కానీ అరిచినప్పుడల్లా "అరవకు" అన్న మాట తప్ప ఇంకో మాట వినపడలేదు. తెల్లవారుజామున మూడింటికి నేల తుడవడానికి ఒకావిడ వచ్చింది. నన్ను చూసి, తుడిచే కర్ర గోడకి ఆనించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "నాకు నలుగురమ్మా, ఇది పోద్ది, ఇంకోటి వచ్చేలోపు ఊపిరి తీసుకో" అంది. పది నిమిషాలు ఉందేమో, అంతలో ఎవరో కేకేస్తే వెళ్ళిపోయింది. తర్వాత వార్డులో అడిగితే డ్యూటీ మారిందన్నారు. పేరు కూడా తెలీదండీ నాకు.

చాలా ఏళ్ళకి గ్వాటెమాలాలో చేసిన ఒక పరిశోధన చదివాను, 1980లో అచ్చయింది, కెనెల్, క్లాస్ అనే డాక్టర్లు కూడా అందులో ఉన్నారు. తొలిచూలు ఆడవాళ్ళకి నొప్పులప్పుడు ఒక ఆడమనిషిని తోడు పెట్టారు, ట్రైనింగ్ లేదు, ముందు పరిచయం లేదు, వీపు రాయడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడటం, అంతే. తోడున్న వాళ్ళకి హాస్పిటల్లో చేరిన దగ్గర్నుంచి కాన్పయ్యేదాకా సగటున 8.8 గంటలు, తోడు లేనివాళ్ళకి 19.3 గంటలు. అది చదివి నేను ఏడ్చాను. ఆవిడే కదా, ఆ రాత్రి నా చెయ్యి పట్టుకున్న ఆవిడే!

అది 40 మంది మీద చేసిన చిన్న పరిశోధన, నిజమే. కానీ 2017లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తేల్చి చెప్పే సంస్థ వాళ్ళు, 17 దేశాల్లో 15 వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. తోడున్న వాళ్ళకి సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం తగ్గింది, కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగలడం కూడా తగ్గింది. 2018లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా ప్రతి ఆడమనిషికీ తను కోరుకున్న తోడు ఉండాలని చెప్పింది. ప్రతి ఆడమనిషికీ అండీ, డబ్బున్న వాళ్ళకి అని కాదు.

మరి ఇప్పుడు డూలా ఎవరికి దొరుకుతోంది? ఫోన్లో వెతికి, ఫీజు కట్టి పెట్టుకోగలిగిన వాళ్ళకి. హాస్పిటల్ వాళ్ళ భాష రాని అమ్మాయికి, పదిహేడేళ్ళకే తల్లవుతున్న పిల్లకి, చెవులు వినపడని ఆవిడకి, కిందటిసారి బిడ్డని పోగొట్టుకుని భయపడుతూ వచ్చిన ఆవిడకి దొరకట్లేదు. చీటీ పంపారు, టైమ్ అయిందట, రెండు నిమిషాలు ఇవ్వండి సార్.

నాకు కోపం వచ్చే మాట ఇంకోటి ఉంది. ఏ మీటింగ్‌కి వెళ్ళినా "ఇది సేవ కదమ్మా, వాలంటీర్లు చేస్తారు" అంటారు. ఇరవై గంటలు నిలబడి నడుం రాసే మనిషికి ఇంట్లో పిల్లలు లేరా, అద్దె లేదా? జీతం లేకపోతే ఈ పని చేసేది ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్ళే, అప్పుడు పేద తల్లి భాష, ఆవిడ కష్టం తెలిసిన అమ్మాయి డూలా ఎట్లా అవుతుంది? అమెరికాలో ఒరెగాన్, మిన్నెసోటా రాష్ట్రాలు పేదల ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌లోంచి డూలాలకి డబ్బివ్వడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. మొదట్లో ఇచ్చింది మరీ తక్కువ, పైగా బోలెడు కాగితాలు, అందుకని చాలామంది చేరలేదు. మనం అమలు చేసేటప్పుడు అది గుర్తుపెట్టుకోవాలి, స్కీమ్ పెట్టాం అంటే సరిపోదు, రేటు సరిగా పెట్టాలి, టైముకి ఇవ్వాలి.

ఇక్కడున్న వాళ్ళలో ఒక్కళ్ళే నొప్పులు పడినవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి... చూశారా సార్, వెనక్కి తిరిగి ఒకసారి చూడండి.

ముందు వరస నుంచి ఒక కాగితం తిప్పుతున్నాను. హాస్పిటళ్ళ తరఫున వచ్చినవాళ్ళు రాత్రి షిఫ్టులో కూడా తోడుని లోపలికి రానిస్తారా లేదా, అవునో కాదో రాయండి, అవును అయితే ఏ తేదీ నుంచో పక్కన వెయ్యండి. పెన్ను దానికే కట్టి ఉంది.